దాచుకోవడానికేం లేదన్న పిల్లకు ఏం పాఠం చెప్పాలి?

ప్రశ్న: నమస్తే అండీ. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ ఏడాది నుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు డబ్బు గురించి, వినియోగదారుల హక్కుల గురించి వారానికో పీరియడ్ పెట్టారు. లెక్కల టీచర్నని నాకే అప్పగించారు. పుస్తకం లేదు, సిలబస్ లేదు. మొదటి పీరియడ్‌లో పొదుపు గురించి చెప్పి, ఎవరెవరు నెలకెంత దాచుకుంటారో చెప్పమన్నాను. ఒకమ్మాయి లేచి, ‘మాకు దాచుకోవడానికేం ఉండదు టీచర్’ అంది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆ పిల్ల ఆ పీరియడంతా మళ్లీ తలెత్తలేదు. తర్వాత ఒక తండ్రి వచ్చి, ‘ఈ వయసులో డబ్బు యావ ఎందుకండీ, చదువు చెప్పండి చాలు’ అన్నారు. ఈలోగా ఒక ఆర్థిక సంస్థ వాళ్లొచ్చి పుస్తకాలు, బ్యాగులు ఉచితంగా ఇస్తామనీ, మా మనుషులే పాఠం చెబుతారనీ, పిల్లలందరికీ ఖాతాలు తెరుస్తామనీ అంటున్నారు. మా హెడ్‌మాస్టర్‌గారు సరే అనేలా ఉన్నారు. అసలు ఈ పాఠాల వల్ల ఉపయోగం ఉంటుందా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక టీచర్

సమాధానం:

టీచర్ గారూ, ముందు ఆ అమ్మాయి సంగతి మాట్లాడుకుందాం. మీరడిగిన మిగతావన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు. ఇది మాత్రం వచ్చే పీరియడ్‌కే తేలాలి.

ఆ రోజు క్లాసులో అసలైన ఆర్థిక విషయం మాట్లాడింది ఆ పిల్లే. వచ్చింది అవసరాలకే సరిపోతే మిగులు ఉండదు, మిగులు లేనిచోట పొదుపు ఉండదు. ఇందులో ఆమె తప్పు గానీ, ఆమె అమ్మానాన్నల తప్పు గానీ ఏమీ లేదు. ఆమెను పక్కకు పిలిచి ఓదార్చకండి, అది మరోసారి వేలెత్తి చూపినట్టే అవుతుంది. క్లాసులోనే, ఎవరి పేరూ ఎత్తకుండా, బోర్డు మీద ఒక కల్పిత కుటుంబాన్ని రాయండి. వచ్చేది 100. అద్దెకు 30, తిండికి 40, రాకపోకలకు 10, బడి ఖర్చుకు 10, మందులకు 10. మిగిలిందెంత? సున్నా. మరి వీళ్లు దుబారా మనుషులా? ఎక్కడ తగ్గించమంటారు? నవ్వినవాళ్లతో సహా అందరినీ చెప్పమనండి. ఒకరు తిండి తగ్గించమంటారు, ఇంకొకరు మందులు మానేయమంటారు. ఆ మాట పైకి అనేసరికే దాని బరువు వాళ్లకు తెలుస్తుంది. తర్వాత అసలు ప్రశ్న అడగండి: నెల మధ్యలో 15 ఖర్చయ్యే జబ్బు చేస్తే ఈ ఇల్లు ఏం చేస్తుంది? అప్పు చేస్తుంది. ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి? మీ ఏడాది పాఠాలకు కావలసిన దారి అక్కడే తెరుచుకుంటుంది.

ఇక మీద ఏ పిల్లనూ ఇంటి ఆదాయం, ఇంటి ఖర్చు, పాకెట్ మనీ గురించి అడగొద్దు. ‘మీ ఇంటి నెల ఖర్చులు రాసుకురండి’ అనే ప్రాజెక్టు అసలే వద్దు. రాసేది నిజమైతే ఆ ఇంటి గుట్టు బయటపడుతుంది, అబద్ధమైతే పాఠం పోతుంది. లెక్కలన్నీ కల్పిత కుటుంబాల మీదే చేయించండి. వాటికి పేర్లు పిల్లలనే పెట్టమంటే, రెండు వారాలు తిరిగేసరికి వాటిని సొంతవాళ్లలా చూసుకుంటారు.

పొదుపును మంచి బుద్ధికి గుర్తుగా చెప్పడం మనందరికీ అలవాటు. ఓపికపట్టిన పిల్లలు బాగుపడతారని చెప్పే తీపి బిళ్ల ప్రయోగం మీరూ వినే ఉంటారు: ఇప్పుడు తింటే ఒకటి, కాసేపు ఆగితే రెండు. ఆ ప్రయోగానికి కొనసాగింపుగా జరిగినవి మాత్రం చాలామందికి తెలియవు. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందుగా బొమ్మలు వేసుకునే మంచి సామాను తెస్తామని మాటిచ్చి, తెచ్చి ఇచ్చారు. రెండో గుంపుకు మాటిచ్చి వట్టి చేతులతో వచ్చారు. ఆ తర్వాత తీపి బిళ్ల పెడితే, మాట నిలబడగా చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పగా చూసిన పిల్లలు మూడు నిమిషాలకే తినేశారు. 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో పాత ప్రయోగాన్ని మళ్లీ పరిశీలిస్తే, చిన్నప్పటి ఓపికకూ తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం మొదట అనుకున్నంత లేదని తేలింది. ఇంటి పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంటే అది ఇంకా చిక్కిపోయింది. రేపటి మీద భరోసా ఉన్నవాళ్లే రేపటి కోసం ఆగగలరు. ఆ భరోసా లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ‘నువ్వు ఓపిక పట్టు’ అని చెప్పడం పాఠం కాదు టీచర్ గారూ, అది నింద.

మరి ఏం చెప్పాలంటారా? అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఉన్న తేడాను పాఠానికి మధ్యలో పెట్టండి. ఒక వస్తువు అమ్మడానికి వెనకాల ఎంతోమంది పనిచేస్తారు. రంగు ఏది, తూకం ఎంత, ధర చివరి అంకె ఏది, ఏ మాట పెద్దక్షరాల్లో ఉండాలి, ఏది చిన్నక్షరాల్లో ఉండాలి అన్నీ ఆలోచించి పెడతారు. కొనే పిల్ల మాత్రం ఒక్కతే నిలబడి అర నిమిషంలో తేల్చుకోవాలి. ఆ అర నిమిషంలో రెండు మూడు సరైన ప్రశ్నలు తనకు తానే వేసుకునేలా ఆమెను తయారు చేయడమే మీ పీరియడ్ పని. దీనికి పిల్ల చేతిలో ఎంత డబ్బుందన్నదానితో సంబంధం లేదు. ఇంకా చెప్పాలంటే, తక్కువ డబ్బున్నవాళ్లకే ఆ ప్రశ్నలు ఎక్కువ అవసరం, ఎందుకంటే ఒక్క తప్పు కొనుగోలును తట్టుకునే వీలు వాళ్లకే తక్కువ.

మొదటి పాఠానికి రెండు ఖాళీ ప్యాకెట్లు చాలు. ఒకే రకం సరుకు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ముందు వైపు చూపించి ఏది చవకో చేతులెత్తమనండి. దాదాపు అందరూ పెద్దదే అంటారు. అప్పుడు వెనక్కి తిప్పండి. చిన్నదాంట్లో 80 గ్రాములు, ధర 20. పెద్దదాంట్లో 150 గ్రాములు, ధర 40. ఇంకేం చెప్పకుండా కాసేపు వదిలేయండి. మీరు పీరియడ్ మొత్తంలో మౌనంగా ఉండాల్సింది అప్పుడే. ఎవరో ఒకరు 100 గ్రాములకు ఎంతో కడతారు: చిన్నదానికి 25, పెద్దదానికి 26 దాటింది. ‘పెద్ద ప్యాకెట్ చవక’ అన్నది వాళ్ల మనసులో ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో మాట్లాడుకోవచ్చు. ఈ లెక్క కొనేవాళ్లకు తేలిక కావాలనే యూరోపియన్ యూనియన్ 1998లో ఒక ఆదేశం తెచ్చింది. దాని ప్రకారం సరుకు మీద మొత్తం ధరతో పాటు కిలోకు, లీటరుకు ఎంత పడుతుందో కూడా చూపించాలి. అందరూ లెక్క కట్టలేరని ఒప్పుకుని చట్టమే ఆ లెక్క కట్టి పెట్టించిందన్నమాట.

అదే ప్యాకెట్‌తో ఇంకో మెట్టెక్కొచ్చు. ధర మారలేదు, 20కి 100 గ్రాములు వచ్చేది ఇప్పుడు 90 గ్రాములే వస్తోంది. ధర ఎంత శాతం పెరిగినట్టు? పది శాతం అంటారు, తొమ్మిదో తరగతి వాళ్లు కూడా. కట్టి చూడమనండి: 100 గ్రాములకు ఇప్పుడు 22.22 పడుతోంది, అంటే 11 శాతం పైన పెరిగింది. తూకం తగ్గింది పది శాతమే, ధర పెరిగింది అంతకన్నా ఎక్కువ. శాతాల పాఠంలో ఆధార సంఖ్య ఏదన్న విషయంలో పిల్లలు తడబడతారని మీకు నాకంటే బాగా తెలుసు. ఇక్కడ ఆ తడబాటు నేరుగా వాళ్ల జేబుకు తగులుతుంది కాబట్టి గుర్తుండిపోతుంది. ‘50 శాతం తగ్గింపు, దాని మీద మరో 20 శాతం’ అంటే 70 కాదు 60 అనీ, ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే మూడో వంతు తగ్గింపే గానీ సగం కాదనీ ఇదే దారిలో చెప్పేయొచ్చు. వీటి మీద ఎక్కువ రోజులు ఉండకండి, ఒక పీరియడ్ చాలు.

ప్రకటనల గురించి ఒక్క మాట చెప్పి మీ పిల్లల వయసు దగ్గరికొస్తాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రకటన మనల్ని ఒప్పించడానికి చేసిందని అర్థం చేసుకునే శక్తి ఉండదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2004లో చెప్పింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1980 నుంచే పదమూడేళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలను నిషేధించింది. దాన్ని ఒక బొమ్మల కంపెనీ కోర్టుకు లాగితే, 1989లో ఆ దేశ సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. స్వీడన్ టీవీలో పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం చేసే ప్రకటనలను 1991 నుంచి అనుమతించడం లేదు. ఈ కబుర్లు మీ క్లాసులో చెప్పండి. తమలాంటి పిల్లల కోసం దేశాలు చట్టాలు చేశాయని తెలిస్తే పిల్లలకు విషయం మీద గౌరవం కలుగుతుంది.

మీ పిల్లలు ఆ ఎనిమిదేళ్ల వయసు ఎప్పుడో దాటారు. టీవీలో వచ్చేది ప్రకటన అని వాళ్లకు తెలుసు. తెలియనిదల్లా ప్రకటనలా కనిపించని ప్రకటన: ఇష్టమైన వీడియోల మనిషి చేతిలో మామూలుగా కనిపించే వస్తువు, ఆట మధ్యలో వచ్చే బహుమతి పెట్టె. వాటి ముందు ‘దీనికి డబ్బు ఎవరిచ్చారు?’ అనే ప్రశ్న ఒక్కటి చాలు. దాన్ని ఏడాది పొడవునా అడుగుతూనే ఉండండి.

ఫోన్ ఆటల మీద మాత్రం పూర్తిగా రెండు పీరియడ్లు పెట్టండి, ఎందుకంటే మీ పిల్లల్లో చాలామంది సొంతంగా చేసే మొట్టమొదటి కొనుగోలు అక్కడే జరుగుతుంది. బోర్డు మీద ఇలా రాయండి: ఆటలో ఒక చొక్కా ధర 800 నాణేలు. నాణేలు 500 కట్టగా గానీ, 1,000 కట్టగా గానీ అమ్ముతారు. చొక్కా కావాలంటే ఎన్ని కొనాలి? 1,000. మిగిలేవి? 200. ఆ 200తో ఏమొస్తుంది? ఏమీ రాదు, అక్కడ అన్నింటికంటే చవకైనది 300. మరి ఆ 200 ఏం చేస్తావు? ‘ఇంకో 500 కొంటాను టీచర్’ అంటాడు ఎవడో ఒకడు, అన్న వెంటనే ఆగి ఆలోచిస్తాడు. 800 అనే ధర, 500, 1,000 అనే కట్టలు యాదృచ్ఛికంగా కుదిరాయా, కావాలని కుదిర్చారా అన్నది క్లాసు తేల్చాలి. అసలు డబ్బును నాణేలుగా ఎందుకు మార్చారో కూడా అడగండి. డబ్బు అనే పేరు పోతే ఖర్చు పెట్టిన నొప్పి కూడా పోతుందని పిల్లలు మనకంటే చక్కగా చెబుతారు.

ఇది పిల్లల బలహీనత మాత్రమే అనుకోకుండా ఉండేందుకు రెండు సంగతులు చెప్పండి. లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది. 2022 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి మొత్తం 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్ల డాలర్లు ఆటగాళ్లకు వాపసు ఇవ్వడానికి. అనుకోకుండా ఒక్క మీట నొక్కితే కొనుగోలు జరిగిపోయేలా తెరను అమర్చారన్నది అక్కడి ప్రధాన ఆరోపణల్లో ఒకటి. తెలియక నొక్కిన పిల్లవాడిని ఇంట్లో దొంగలా చూస్తారు. ఆ మీటను అక్కడ పెట్టినవాళ్లను అడగడానికి ఒక వ్యవస్థ ఉందని ఆ పిల్లవాడికి తెలియాలి.

వడ్డీ పాఠం మీ సొంత పొలం, దున్నుకోవచ్చు. కాకపోతే పుస్తకంలో బారువడ్డీ, చక్రవడ్డీ చాలాసార్లు దాచుకున్నవాడి వైపు నుంచే ఉంటాయి. మీరు అప్పు తీసుకున్నవాడి వైపు నుంచి మొదలుపెట్టండి. 12,000 అప్పు, ఏడాదికి పది శాతం వడ్డీ, 12 నెలల వాయిదాలు. వడ్డీ 1,200, మొత్తం 13,200, నెలకు 1,100. చూడటానికి పది శాతమే. ఇప్పుడు నెలనెలా ఇంకా ఎంత అసలు మన దగ్గర ఉందో పట్టిక వేయించండి: మొదటి నెల 12,000, రెండో నెల 11,000, అలా చివరి నెలకు 1,000. సగటున మన దగ్గర ఉన్నది 6,500. ఆరున్నర వేలు వాడుకుని 1,200 వడ్డీ కట్టామంటే, వడ్డీ 18 శాతం దగ్గర పడింది. తీర్చేసిన అసలుకు కూడా ఏడాది చివరిదాకా వడ్డీ కడుతూనే ఉన్నాం. ఈ పట్టికను ఒకసారి తన చేత్తో వేసిన పిల్లవాడు పెద్దయ్యాక వాయిదాల కాగితం ముందు కనీసం ఒక్క క్షణం ఆగుతాడని నా నమ్మకం.

నెలకు నూటికి రెండు వడ్డీ అంటే తక్కువగా వినిపిస్తుంది. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే అప్పు ఎంత కాలానికి రెట్టింపవుతుందో సుమారుగా తెలుస్తుందని చెప్పి కట్టించండి. 72ను 2తో భాగిస్తే 36 నెలలు. ఏమీ కట్టకుండా వడ్డీ అసల్లో కలిసిపోతూ ఉంటే మూడేళ్లలో రెట్టింపు. ఇక ధరల పెరుగుదల: దాచిన 100 ఏడాదికి 104 అయింది, 100 ఉన్న సరుకు 106 అయింది, ఇప్పుడు ఎవరు ముందున్నారు? అన్నమారియా లుసార్డీ, ఒలీవియా మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో అమెరికాలో పెద్దవాళ్లను అడగడానికి మూడే ప్రశ్నలు తయారు చేశారు. ఒకటి వడ్డీ మీద, ఒకటి ధరల పెరుగుదల మీద, ఒకటి డబ్బంతా ఒకేచోట పెట్టడంలో ఉన్న ముప్పు మీద. ఆ తర్వాత చాలా దేశాల్లో వాటినే అడిగారు, మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పలేనివాళ్లు అన్నిచోట్లా పెద్ద సంఖ్యలో కనిపించారు. మీ తొమ్మిదో తరగతి బయటికి వెళ్లేలోపు ఆ మూడూ వస్తే చాలా సాధించినట్టే.

మోసాల సంగతి పిల్లలకు సగం తెలిసే ఉంటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరూ చెబుతున్నారు. మీరు ఇంకొకటి చేర్చండి: తొందరపెట్టే ఏ మాటనైనా అనుమానించాలి. ‘ఇంకో పది నిమిషాలే’ అన్నది దొంగ ఫోన్‌లోనూ ఉంటుంది, మామూలు ఆఫర్‌లోనూ ఉంటుంది. రెండింట్లోనూ అది మన ఆలోచనను ఆపడానికే.

ఇక ఉపయోగం ఉంటుందా అన్నారు. పరిశోధనలు ఇక్కడ ఒక్క మాట మీద లేవు. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు అప్పటిదాకా జరిగిన 201 అధ్యయనాలను కలిపి చూసి, డబ్బు విషయంలో మనుషుల నడవడిలో కనిపించే తేడాల్లో ఆర్థిక విద్య వల్ల వచ్చేది వెయ్యోవంతు మాత్రమేనని చెప్పారు. నేర్చుకున్నది కాలంతో పాటు ఆవిరైపోతుందనీ, అవసరం ఎదురైన సమయానికి దగ్గరగా చెబితే మేలనీ కూడా అన్నారు. 2022లో వచ్చిన మరో సంకలనం, పక్కాగా పోలిక పెట్టి చేసిన 76 ప్రయోగాలను తీసుకుని, జ్ఞానంలోనూ నడవడిలోనూ మెరుగుదల ఉందని తేల్చింది. నాకు వీటన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది బ్రెజిల్ అనుభవం. అక్కడ దాదాపు 900 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, 25 వేల మంది విద్యార్థులతో పరిశీలించారు. ఫలితాలు 2016లో వచ్చాయి. పాఠాలు విన్న పిల్లలకు విషయం తెలిసింది, పొదుపు పెరిగింది, ఖర్చులు రాసుకోవడం పెరిగింది. దాంతో పాటే ఖరీదైన అప్పు మీద వస్తువులు కొనడం కూడా పెరిగింది.

ఆ చివరి వాక్యాన్ని మన రంగంలో చాలామంది దాటేస్తారు. నేను దాటేయలేను. డబ్బు ప్రపంచంతో పరిచయం పెరిగింది, ధైర్యం పెరిగింది, దాంతో అప్పు అంటే ఉన్న బెరుకు పోయింది కాబోలు. అందుకే ‘అప్పు ఇలా తీసుకోవాలి’ అనే పాఠం కంటే ‘ఈ అప్పు నిజంగా ఎంత పడుతోంది’ అనే పట్టిక ముందుండాలని అంటున్నాను. ఇంకోటి, పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పిసా అనే అంతర్జాతీయ పరీక్షలో 2012 నుంచి ఆర్థిక అవగాహన విభాగం కూడా పెడుతున్నారు, చేరాలనుకున్న దేశాలు చేరుతున్నాయి. అందులో మార్కులు లెక్కలతోనూ, చదివి అర్థం చేసుకోవడంతోనూ గట్టిగా ముడిపడి ఉన్నాయి. అంటే మీరు లెక్కల పీరియడ్‌లో చెప్పే శాతాలు కూడా ఈ చదువులో భాగమే. ఈ పీరియడ్‌ను విడి ద్వీపంలా ఉంచకుండా, శాతాల పాఠం నడిచే వారంలోనే ప్యాకెట్ల పాఠం, వడ్డీల పాఠం నడిచే వారంలోనే వాయిదాల పట్టిక పెట్టుకోండి. తొమ్మిదిలో ఒకసారి చెప్పి వదిలేయకుండా ఏడు నుంచే కొంచెం కొంచెంగా మళ్లీ మళ్లీ రానివ్వండి.

ఆ తండ్రిగారితో వాదన పెట్టుకోకండి. ఆయన భయం మంచిదే, పిల్లలకు డబ్బే లోకం కాకూడదని ఆయన బాధ. ఒకసారి ప్యాకెట్ల పాఠం జరిగేటప్పుడు పిలిచి వెనక కూర్చోబెట్టండి. డబ్బు యావ నేర్పుతున్నదెవరో, దాన్నుంచి కాపాడుతున్నదెవరో ఆయనే చూస్తారు.

ఆర్థిక సంస్థ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వాళ్లను పాఠం చెప్పనివ్వకండి, ఖాతాలు బడిలో తెరవనివ్వకండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. అమ్మేవాడు చెప్పే పాఠంలో ‘నా దగ్గర కొనకపోవడం ఎప్పుడు మంచిది’ అనే అధ్యాయం ఉండదు, మీ పిల్లలకు అన్నిటికంటే కావలసింది ఆ అధ్యాయమే. బ్యాగు మీద ఉన్న గుర్తును పిల్లవాడు రోజూ మోస్తాడు. మొదటి ఖాతా ఎక్కడ తెరిస్తే అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోవడం మనుషుల అలవాటు, అది ఆ సంస్థకు తెలుసు. ఆర్థిక విద్యను వ్యాపార సలహా నుంచి విడిగా ఉంచాలని, అనేక దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2005లో ప్రభుత్వాలకు చేసిన సిఫారసుల్లోనే చెప్పింది. హెడ్‌మాస్టర్‌గారికి ఇది చూపించండి, ఆయనకు కాదనడానికి ఒక ఆధారం దొరుకుతుంది. సంస్థకు నిజంగా సాయం చేయాలని ఉంటే, పేరు, గుర్తు లేని తెల్ల నోటు పుస్తకాలు ఇమ్మనండి. ఇచ్చారా, సంతోషంగా తీసుకోండి.

వాళ్లను గడప కూడా తొక్కనివ్వొద్దని అనాల్సిన అవసరం లేదు. వాయిదాల పట్టిక, చిన్నక్షరాల షరతులు అన్నీ అయిపోయాక, ఏడాది చివర్లో ఒక పీరియడ్‌కు పిలవండి. అప్పుడు పాఠం వాళ్లు చెప్పరు, ప్రశ్నలు పిల్లలడుగుతారు. ఖాతాలో కనీస మొత్తం లేకపోతే ఏం కోస్తారు? వాయిదా ఒక రోజు ఆలస్యమైతే ఎంత? ఖాతా మూసేయాలంటే ఏం చేయాలి? మీకు జీతం ఖాతాల సంఖ్యను బట్టి పెరుగుతుందా? ప్రశ్నల జాబితా ముందే వాళ్లకు పంపండి, అది మర్యాద. అయినా వస్తామంటే రానివ్వండి.

చివరిగా, మీరు అడగకపోయినా, ఏడాది చివర్లో మార్కులు ఎలా వేయాలన్నది మీకు ఎదురవుతుంది. నిర్వచనాల పరీక్ష పెట్టకండి. వినియోగదారుల హక్కులంటే నాలుగు పాయింట్లు బట్టీ పట్టే ప్రశ్నగా మారిపోవడం నేను చాలా చూశాను, అది నాకు బాధ కలిగిస్తుంది. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన దేశ చట్టసభకు పంపిన సందేశంలో ఆ నాలుగు హక్కులు చెప్పారు: భద్రత, సమాచారం, ఎంపిక, మన మాట వినిపించుకోవడం. ఆ తేదీనే 1983 నుంచి ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా జరుపుతున్నారు. 1985లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వినియోగదారుల రక్షణకు మార్గదర్శకాలు ఆమోదించింది. ఇదంతా చరిత్రగా ఒక పది నిమిషాలు చెప్పండి. పరీక్ష మాత్రం ఆ నాలుగో హక్కు మీద పెట్టండి, ఎందుకంటే అది వాడితేనే ఉంటుంది.

ప్రతి పిల్లకూ ఒక కల్పిత బిల్లు, ఒక కథ ఇవ్వండి: కొన్న మూడో రోజే పాడైన గడియారం, తూకం తగ్గిన ప్యాకెట్, ఆపేయమన్నా నెలనెలా డబ్బు కోస్తున్న యాప్. ఫిర్యాదు ఉత్తరం రాయమనండి. మొదటి చిత్తులో అందరూ తిడతారు, లేదంటే బతిమాలతారు. రెండూ కొట్టేసి మళ్లీ రాయించండి. ఎప్పుడు కొన్నారు, బిల్లు నంబరెంత, ఏం జరిగింది, ఏం కావాలి, మార్చి ఇవ్వాలా, డబ్బు వాపసా, ఎన్ని రోజుల్లోపు అన్నవి ఉండాలి. తర్వాత మీరే ఆ సంస్థ తరఫున సగం మందికి ‘మా షరతుల ప్రకారం కుదరదు’ అని జవాబు రాయండి, మిగతా సగానికి అసలు జవాబివ్వకండి. రెండో ఉత్తరం రాస్తారా, ఎవరికి రాస్తారు, మొదటి ఉత్తరం నకలు దగ్గరుంచుకున్నారా అన్నవాటి మీద మార్కులు వేయండి. అక్షరదోషాలకు కోత వద్దు.